సీసా మూత దగ్గర పోయే పదేళ్లు

సముద్రపు పైపొర నీళ్లలో కరిగి ఉన్న కార్బన్‌లో పది లక్షల పరమాణువులు తీసుకుంటే, అందులో పదకొండు వేల పైచిలుకు బరువు రకం, అంటే కార్బన్-13. పదేళ్లాగి అదే చోట మళ్లీ తీసుకుంటే ఆ పదకొండు వేలలో రెండు తగ్గుతాయి. రెండంటే రెండే. మనం తగలబెట్టిన బొగ్గూ పెట్రోలూ సముద్రంలోకి ఎంత దిగాయో చెప్పే గుర్తుల్లో ఇదొకటి.

ఈ లెక్కని మామూలుగా డెల్టా-13 అనే సంఖ్యలో రాస్తారు. నమూనాలో కార్బన్-13కీ కార్బన్-12కీ ఉన్న నిష్పత్తి ఒక ప్రామాణిక పదార్థంలోని నిష్పత్తి కంటే వెయ్యికి ఎన్ని వంతులు ఎక్కువో తక్కువో చెప్పే సంఖ్య అది. వెయ్యిలో ఒక వంతుని పర్‌మిల్ అంటారు. ఆ భాషలో పదేళ్ల మార్పు సుమారు 0.17 పర్‌మిల్. పరమాణువుల్ని బరువును బట్టి వేరుచేసి లెక్కపెట్టే మంచి మాస్ స్పెక్ట్రోమీటర్‌కి శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్ అందిస్తే 0.02, 0.03 పర్‌మిల్ వరకూ నిలకడగా చెబుతుంది. ఆ లెక్కన రెండేళ్ల మార్పు కూడా కనబడాలి. కనబడదు. వేర్వేరు ఓడల మీద పట్టి, వేర్వేరు ల్యాబుల్లో కొలిచిన సంఖ్యల్ని పక్కపక్కన పెడితే 0.1, 0.2 పర్‌మిల్ ఎడం రావడం మామూలు. అంటే పదేళ్ల గుర్తు మొత్తం ఆ ఎడంలోనే మునిగిపోతోంది.

ఆ పదేళ్లు ఎక్కడ పోతున్నాయి? యంత్రంలో కాదన్నది నా వాదన. సీసాలో, మూతలో, విషం చుక్కలో, ఆమ్లం పోసిన చిన్న వయల్‌లో, అన్నిటికన్నా ఎక్కువగా ప్రామాణికంలో పోతున్నాయి. డబ్బు మాత్రం ఎప్పుడూ యంత్రం మీదే పెడతాం.

అసలీ తంటా ఎందుకో రెండు ముక్కల్లో చెప్పాలి. సముద్రపు నీటిలో కరిగిన అకర్బన కార్బన్‌ని పొట్టిగా డీఐసీ అంటారు. అందులో తొంభై శాతం దాకా బైకార్బనేట్, మిగతాది దాదాపు అంతా కార్బనేట్, ఒక్క శాతం లోపు మాత్రమే కార్బన్ డయాక్సైడ్. అణువుల్ని లెక్కించే మైక్రోమోల్ అనే కొలతలో కిలో నీటికి మొత్తం కలిపి 2,000 మైక్రోమోల్‌కి అటూ ఇటూ. గాలి నుంచి పైపొరకు ఏటా కొత్తగా చేరేది దాదాపు ఒక మైక్రోమోల్. ఋతువు మారినా, నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలు విరగబూసినా ఇరవై ముప్ఫై మైక్రోమోల్ ఇట్టే మారిపోయే నీళ్లలో ఆ ఒక్కదాన్ని వెతకడమంటే సంతలో గుసగుస వినడమే.

అక్కడ ఐసోటోప్ (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకం) ఆదుకుంటుంది. మొక్కలు తేలిక కార్బన్‌ని ఏరి తింటాయి. వాటి నుంచి పుట్టిన బొగ్గుకీ చమురుకీ అదే గుణం, సగటున మైనస్ 28 పర్‌మిల్ దగ్గర. వీటిని కాల్చేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తేలికవుతూ వచ్చింది: పరిశ్రమలు రాకముందు మైనస్ 6.4, ఇప్పుడు మైనస్ 8.5 చుట్టూ. ఇలా కాల్చిన కార్బన్ చేరి ఐసోటోపులు పలచబడడాన్ని హాన్స్ స్యూస్ 1955లో కలపలోని కార్బన్-14 అనే రేడియోధార్మిక రకంలో చూపించాడు. ఆ ప్రభావానికి ఆయన పేరే నిలిచింది. 1992లో పాల్ క్వే బృందం దీన్ని సముద్రం మీద ప్రయోగించింది. 1970 నుంచి 1990 లోపు పసిఫిక్ పైనీటిలో డెల్టా-13 సుమారు 0.4 పర్‌మిల్ తగ్గిందని చూపి, సముద్రాలు ఏటా 210 కోట్ల టన్నుల కార్బన్ మింగుతున్నాయని లెక్కగట్టింది. అంత పెద్ద మాట నిలబడింది ఆ 0.4 మీద. అందులో 0.1 ఏ సీసా లోపమో అయితే పావు వంతు లెక్క తారుమారవుతుంది.

పైగా డెల్టా-13 పలక మీద రాసేది స్యూస్ ప్రభావం ఒక్కటే కాదు. జీవులు రాస్తాయి: లోతులో సేంద్రియ పదార్థం కుళ్లి ఫాస్ఫేట్ కిలోకు ఒక మైక్రోమోల్ పెరిగితే డెల్టా-13 సుమారు 1.1 పర్‌మిల్ పడుతుంది. గాలితో ఇచ్చిపుచ్చుకోవడం రాస్తుంది: నీరు ఒక డిగ్రీ చల్లబడితే సమతాస్థితి విలువ దాదాపు 0.1 పెరుగుతుంది. అయితే ఆ సమతాస్థితికి పైపొర చేరడానికి పదేళ్ల పైమాటే పడుతుంది కాబట్టి సముద్రం ఎక్కడా పూర్తిగా అక్కడికి చేరదు. ఈ మూడు చేతిరాతల్నీ విడదీయాలంటే పక్కన ఫాస్ఫేట్, ఆక్సిజన్, ఉప్పదనం, క్షారత కొలిచి ఉండాలి. ఒక్క డెల్టా-13 పట్టుకుని వాదించేవాళ్ల గ్రాఫుల్ని నేను నమ్మను.

మన దగ్గరి ఉదాహరణ బంగాళాఖాతం. ఐ09ఎన్ అని పిలిచే అంతర్జాతీయ సర్వే రేఖ దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి ఉత్తరంగా బంగాళాఖాతంలోకి వస్తుంది. 1995లో, 2007లో, 2016లో దాని మీద ఓడలు నడిచాయి. మొదటిదానికీ చివరిదానికీ ఇరవై ఒక్క ఏళ్లు. ప్రపంచ సగటు వేగమే ఇక్కడా ఉందనుకుంటే పైనీటిలో తగ్గుదల 0.35 పర్‌మిల్ దాకా ఉండాలి. కానీ ఉత్తరానికి పోయేకొద్దీ గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ నీళ్లు పైన తెప్పలా తేలుతుంటాయి. నదుల డీఐసీ సముద్రం కంటే ఎన్నో పర్‌మిల్ తేలిక. ఓడ వానాకాలం తర్వాత వెళ్లిందా, ఎండాకాలంలో వెళ్లిందా అన్నదే ఇరవై ఏళ్ల మార్పుని మించిన తేడా తెచ్చిపెట్టగలదు. ఉప్పదనం చూసి దాన్ని దిద్దుకోవచ్చు. సీసా చేసిన తప్పుని మాత్రం ఏ ఉప్పదనంతోనూ దిద్దుకోలేం.

సరే, సీసా దగ్గరికి వద్దాం.

లోతుల నుంచి నీళ్లు తెచ్చే నిస్కిన్ గొట్టాల చట్రం డెక్ మీదికి రాగానే వరస ప్రకారం నీళ్లు పడతారు. ముందు హీలియం, ఫ్రియాన్ లాంటి వాయువులు, తర్వాత ఆక్సిజన్, ఆ వెంటనే కార్బన్. పోషకాలూ ఉప్పదనం చివర. కారణం తేలికే. నిస్కిన్ నుంచి ఒక లీటరు తీస్తే పైన ఒక లీటరు గాలి చేరుతుంది, మిగిలిన నీరు ఆ గాలితో మాట్లాడడం మొదలుపెడుతుంది. గొట్టం సగం ఖాళీ అయ్యాక పట్టిన కార్బన్ నమూనా నా దృష్టిలో నమూనా కాదు.

సీసా 500 మి.లీ. బోరోసిలికేట్ గాజుది, అరగదీసిన గాజు మూతది అయ్యుండాలి. ప్లాస్టిక్ వద్దు, దాని గోడలోంచే కార్బన్ డయాక్సైడ్ దారి చూసుకుంటుంది. సిలికోన్ గొట్టాన్ని సీసా అడుగుకు ఆనించి రెండుసార్లు తొలిపి, బుడగలు లేకుండా నింపి, ఇంకో సీసా నీళ్లు పొర్లిపోయేదాకా ఆగాలి. గొట్టాన్ని నొక్కి పట్టుకుని పైకి తీయాలి. లేకపోతే ఆఖర్న బుడగ పడుతుంది. పిపెట్‌తో కొన్ని మిల్లీలీటర్లు తీసేసి గాలికి చోటు చేయాలి. సంతృప్త మెర్క్యూరిక్ క్లోరైడ్ అనే పాదరసపు విషం 100 మైక్రోలీటర్లు వేయాలి. మెడ లోపలి అరగదీసిన భాగాన్ని పొడిబట్టతో ఒక్క చుక్క తడి లేకుండా తుడవాలి. మూతకు అపీజాన్ ఎం గ్రీజు నాలుగు నిలువు గీతలుగా రాసి, నొక్కుతూ తిప్పితే అరగదీసిన గాజు తెల్లదనం పోయి అంతా పారదర్శకమవ్వాలి. రబ్బరు బ్యాండుతో బిగించి, తలకిందులు చేసి కలిపి, చీకట్లో పెట్టాలి.

ఇందులో జనం ఎక్కువగా తొందరపడేది తుడిచే దగ్గర. అర్ధరాత్రి మూడింటికి ఇరవై నాలుగు గొట్టాల వరస నడుస్తుంటే మెడ మీద ఉప్పునీటి చుక్క మిగలడం పెద్ద వింత కాదు. కానీ తడి గాజుకు గ్రీజు అంటదు. మూతలో సన్నటి తెల్ల చార కనిపిస్తుంది; అదే గాలి దారి. ఆ చార ఉన్న సీసాని విప్పి మళ్లీ మూయడం కంటే, నిస్కిన్‌లో నీళ్లుండగానే ఇంకో సీసా పట్టడం మేలు.

విషం ఎందుకంటారా? బతికున్న సూక్ష్మజీవులు సీసాలో శ్వాసిస్తూనే ఉంటాయి. అవి కిలో నీటికి 10 మైక్రోమోల్ సేంద్రియ కార్బన్‌ని తిని డీఐసీగా మార్చాయనుకోండి. ఆ కార్బన్ మైనస్ 22 దగ్గర, నీటిది ప్లస్ 1 దగ్గర. పదిని 2,010తో భాగించి తేడా 23తో గుణిస్తే 0.11 పర్‌మిల్ తగ్గుదల. అంటే స్యూస్ ప్రభావంలో ఆరేడేళ్లు, ఒక్క సీసాలో, కొన్ని వారాల్లో. తీరం దగ్గరి పచ్చటి నీళ్లలో పది మైక్రోమోల్ పెద్ద లెక్కే కాదు. దీన్ని కొలిచేటప్పుడు ఎవరూ గుర్తించలేరు, ఎందుకంటే తప్పు కూడా శిలాజ ఇంధనం చేసే దిక్కులోనే ఉంటుంది. మనం వెతుకుతున్నదే దొరికినట్టు కనబడుతుంది.

ఇప్పుడు ఎండ సంగతి. చేతిపుస్తకాలు గాలి ఖాళీ ఒక శాతం వదలమంటాయి, అంటే 500 మి.లీ. సీసాకు 5 మి.లీ. ఆ ఖాళీ పెరిగితే కార్బన్ పోతుందని భయం. లెక్క వేసి చూద్దాం. లోతు నీటిలో కార్బన్ డయాక్సైడ్ పీడనం వెయ్యి మైక్రోఅట్మాస్ఫియర్లు అనుకున్నా, 5 మి.లీ. గాలిలోకి చేరేది 0.2 మైక్రోమోల్. సీసాలో మొత్తం ఉన్నది వెయ్యికి పైన. ఆ చిన్న వాటా ఎంత తేలికైనదైనా డెల్టా-13 మీద ప్రభావం 0.002 పర్‌మిల్. ఎవరికీ కనబడదు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. 4 డిగ్రీల లోతు నీరు పట్టిన సీసా మే నెలలో విశాఖపట్నం నుంచి లారీ ఎక్కి 40 డిగ్రీలకు చేరితే నీరు 0.9 శాతం వ్యాకోచిస్తుంది, అంటే నాలుగున్నర మిల్లీలీటర్లు. అయిదు మిల్లీలీటర్ల గాలి అర మిల్లీలీటరులోకి నొక్కుకుపోతుంది. ఆ పీడనానికి రబ్బరు బ్యాండు ఆగదు, మూత లేస్తుంది. చల్లబడ్డాక మళ్లీ కూర్చుంటుంది, చూసేవాళ్లకి ఏమీ తెలియదు. దానికితోడు అపీజాన్ ఎం గ్రీజు పని చేసే హద్దే 30 డిగ్రీలు. 44 దగ్గర కరిగిపోతుంది. ఆ చేతిపుస్తకాలు చల్లటి దేశాల గిడ్డంగుల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన తీరంలో లోతు నీటికి 10 మి.లీ. ఖాళీ వదలమంటాను. 40 డిగ్రీల్లో కూడా దానివల్ల తేడా 0.01 పర్‌మిల్ చుట్టూనే ఉంటుంది, సీసా చల్లబడితే అదీ నీటిలోకి తిరిగి పోతుంది. లేచిన మూతకు మాత్రం ఏ లెక్కా ఉండదు.

ఇక ల్యాబు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది వయల్ పద్ధతి. సూది గుచ్చగలిగే రబ్బరు బిళ్ల (సెప్టం) మూతగా ఉన్న 12 మి.లీ. గాజు వయల్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లం 0.1 మి.లీ. వేసి, హీలియంతో గాలిని తరిమి, సిరంజితో ఒక మి.లీ. సముద్రపు నీరు ఎక్కిస్తారు. డీఐసీ మొత్తం కార్బన్ డయాక్సైడ్‌గా మారి పైకి లేస్తుంది. 25 డిగ్రీల దగ్గర పద్దెనిమిది గంటలో ఒక రోజో ఉంచి, పైనున్న వాయువుని మాస్ స్పెక్ట్రోమీటర్‌కి పంపుతారు. చెప్పడానికి నాలుగు వాక్యాలు. పోయేది చాలా.

మొదటిది, గాలి. ఆ వయల్‌లో నమూనా నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 2 మైక్రోమోల్ మాత్రమే. 12 మి.లీ. మామూలు గాలిలోనే 0.2 మైక్రోమోల్ ఉంటుంది. హీలియం సరిగా నడవని వయల్‌లో డెల్టా-13 దాదాపు ఒక పర్‌మిల్ పడిపోతుంది. ఇది నయం, కళ్లకు కొట్టినట్టు కనబడుతుంది. గాలిలో అయిదు శాతం మిగిలితే 0.05 పడుతుంది. ఇది కనబడదు, అందుకే చెడ్డది. ప్రతి వరసలోనూ ఆమ్లం మాత్రమే వేసి నీళ్లు వేయని ఖాళీ వయల్స్ రెండు మూడు పెట్టి, యంత్రం గీసే గ్రాఫులో వాటి శిఖరం ఎత్తు (అంటే వాయువు ఎంతో) రాసుకోవాలి. ఆమ్లంలోనే కార్బన్ కలిసి ఉంటే అది కూడా ఇక్కడే దొరుకుతుంది.

రెండోది, నీటిలో మిగిలిపోయేది. కార్బన్ డయాక్సైడ్ అంతా పైకి రాదు. 25 డిగ్రీల దగ్గర, ఒక మి.లీ. నీటికి పదకొండు మి.లీ. ఖాళీ ఉంటే, ఆరేడు శాతం నీటిలోనే కరిగి ఉంటుంది. కరిగినది వాయువు కంటే సుమారు 1.1 పర్‌మిల్ తేలిక. కాబట్టి పైనున్న వాయువు అసలు విలువకంటే 0.07 బరువుగా చూపిస్తుంది. నీరు అర మి.లీ. అయితే ఈ తేడా సగమవుతుంది. అంటే సిరంజి పట్టే చేతిని బట్టి సముద్రం మారుతుంది! నీటి పరిమాణాన్ని సిరంజి గీతతో కాకుండా తూకంతో రాసుకోవడం దీనికి మందు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉచ్చు, ఇష్టం అనకూడదేమో. మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఎక్కువ వాయువిస్తే ఒక విలువ, తక్కువిస్తే కొంచెం వేరే విలువ రావడం సహజం. బంగాళాఖాతంలో నదీజలం కలిసిన పైనీటిలో డీఐసీ 1,900 లోపు ఉండొచ్చు, లోతులో 2,300 చుట్టూ. అంటే శిఖరం ఎత్తు ఇరవై శాతం మారుతుంది, అదీ లోతుతో పాటు, నునుపుగా. యంత్రపు వంకర అచ్చం సముద్రపు నిలువు చిత్రంలా కనిపిస్తుంది. దీన్ని పరీక్షించడానికి చాలామంది ఒకే ప్రామాణిక ద్రావణాన్ని 0.8, 1.0, 1.2 మి.లీ. చొప్పున ఎక్కిస్తారు. అది తప్పు. పరిమాణం మారితే పైన చెప్పిన కరిగే వాటా కూడా మారిపోయి రెండు ప్రభావాలు కలిసిపోతాయి. పరిమాణం ఒక మి.లీ. దగ్గరే ఉంచి, గాఢత 1.8, 2.0, 2.3 మిల్లీమోల్‌గా మూడు ద్రావణాలు చేసుకోవాలి.

ప్రామాణికం అన్నాను కదా, అసలు గొడవ అక్కడే.

డెల్టా-13 కొలబద్ద సున్నా ఒకప్పుడు అమెరికా సౌత్ కరోలినాలోని పీ డీ శిలల్లో దొరికిన బెలెమ్‌నైట్ అనే శిలాజం. అది ఎప్పుడో అయిపోయింది. దాని స్థానంలో ఎన్‌బీఎస్-19 అనే సున్నపురాయి పొడిని పెట్టి, దాని విలువ ప్లస్ 1.95 అని నిర్ణయించారు. అదీ అయిపోయింది. ఇప్పుడు ఐఏఈఏ-603, ప్లస్ 2.46. కొలబద్ద రెండో చివరని పట్టుకోవడానికి మైనస్ 46.6 విలువతో ఎల్‌స్వెక్ అనే లిథియం కార్బనేట్ వాడేవాళ్లు. అది సీసాలో కూర్చునే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మారిపోతోందని తేలింది. ఏళ్ల తరబడి దాని మీద ఆనుకుని రాసిన సంఖ్యల్లో ఆ వాలు ఇప్పటికీ ఉంది.

వీటన్నిటిలో ఉమ్మడి లోపం ఒకటుంది. ఇవన్నీ పొడులు. పొడి మీద ఆమ్లం పడితే మొత్తం వాయువవుతుంది. నీటిలో మిగిలే ఆరేడు శాతం గొడవ వాటికి దాదాపు లేదు. నీటి నమూనాని పొడితో పోల్చడమంటే తడి బట్టని పొడి బట్టతో తూచడమే. అందుకని ల్యాబులో నీటి ప్రామాణికం చేసుకోవాలి. సోడియం బైకార్బనేట్ అయితే లీటరుకు 0.168 గ్రాములు, సోడియం కార్బనేట్ అయితే 0.212 గ్రాములు వేస్తే 2 మిల్లీమోల్ వస్తుంది. కరిగే గుణం సముద్రపు నీటితో సరిపోవడానికి సాధారణ ఉప్పు 41 గ్రాములు. నీటిని ముందే మరిగించి, నైట్రోజన్ బుడగలు పంపి కార్బన్ డయాక్సైడ్ పోగొట్టాలి. బైకార్బనేట్‌ని ఆరబెట్టడానికి ఓవెన్‌లో పెట్టకూడదు, వేడికి కార్బన్ డయాక్సైడ్ వదిలి ఐసోటోప్ మార్చుకుంటుంది. ఇంత చేశాక కూడా ఆ ద్రావణం ఊరుకోదు: కార్బనేట్‌ది గాలి నుంచి పీలుస్తుంది, బైకార్బనేట్‌ది గాలికి వదులుతుంది. ఒకసారి మూత తీసిన సీసాని వారం తర్వాత మళ్లీ ప్రామాణికంగా వాడేవాళ్లకి తమ కొలత ఎందుకు పక్కకి జరుగుతోందో ఎప్పటికీ అర్థం కాదు.

డీఐసీకీ క్షారతకీ కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఆండ్రూ డిక్సన్ ల్యాబు తయారుచేసే ప్రామాణిక సముద్రపు నీరు ప్రపంచమంతా వాడుతుంది. డీఐసీ కొలతలు దేశాలు దాటి ఒకదానితో ఒకటి కలవడానికి ముఖ్య కారణం ఆ సీసాలే. యంత్రాలు బాగుపడటం తర్వాతి మాట. ఆ నీటికి డెల్టా-13 విలువని మాత్రం ధ్రువీకరించరు. ఎవరికి వాళ్లు కొలిచి, ఎవరి కాగితంలో వాళ్లు రాసుకుంటారు.

ఇలా ఎందుకు జరిగిందో చూస్తే డెల్టా-13 ఎప్పుడూ కార్బన్-14కు తోకగానే బతికింది. 1972 నుంచి 1978 దాకా నడిచిన జియోసెక్స్ అనే సముద్ర రసాయన సర్వే యాత్రల్లో కార్బన్-14 కోసం 270 లీటర్ల జెరార్డ్ పీపాలు సముద్రంలోకి దించేవారు, ఎందుకంటే అప్పుడు పరమాణువు విరిగేదాకా ఆగి లెక్కపెట్టాలి. 1990ల్లో ఆక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ సముద్ర సర్వేల్లోకి వచ్చి, విరిగేదాకా ఆగకుండా పరమాణువునే లెక్కపెట్టడం మొదలయ్యాక అర లీటరు చాలింది. అర లీటరులో పన్నెండు మిల్లీగ్రాముల కార్బన్ ఉంటుంది. ఆమ్లం పోసి, నైట్రోజన్‌తో ఊది, నీటి ఆవిరిని చల్లటి ఉచ్చులో ఆపి, కార్బన్ డయాక్సైడ్‌ని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. అందులో ఒక మిల్లీగ్రాము కార్బన్‌కి సరిపడా వాయువుని ఇనుప పొడి మీద హైడ్రోజన్‌తో 550 నుంచి 600 డిగ్రీల మధ్య గ్రాఫైట్‌గా మారుస్తారు. మిగిలిన వాయువులోంచి ఓ చిన్న భాగం డెల్టా-13కి.

ఇక్కడ సూక్ష్మం ఉంది. కార్బన్-14 ఫలితాన్ని ఎప్పుడూ డెల్టా-13 మైనస్ 25కి సరిదిద్ది రాస్తారు. ఊదడంలో నాలుగు శాతం వాయువు మిగిలిపోయి ఐసోటోపులు కాస్త వేరుపడినా, ఆ దిద్దుబాటులో అది కొట్టుకుపోతుంది. కాబట్టి ఊదే పద్ధతి కార్బన్-14 వాళ్లకి సరిపడేంత బాగుంటే చాలనుకున్నారు. డెల్టా-13ని దిద్దడానికి మూడో ఐసోటోప్ లేదు. ఊదడం పూర్తికాకపోతే అది నేరుగా సంఖ్యలోకి దిగుతుంది. ప్రతి సీసాకి వచ్చిన వాయువు పరిమాణాన్ని డీఐసీ కొలతతో పోల్చి, 98 శాతం కంటే తక్కువ వస్తే ఆ డెల్టా-13 విలువ మీద అనుమానపు గుర్తు పెట్టాలంటాను. ఆ దిగుబడి అంకెని డేటా పట్టికలో అచ్చువేసేవాళ్లు తక్కువ.

కార్బన్-14కు మాత్రం వేరే శత్రువుంది, దాన్ని చెప్పకుండా దాటలేను. ప్లవకాల ఎదుగుదలని కొలిచే జీవశాస్త్రజ్ఞులు కార్బన్-14 పట్టించిన బైకార్బనేట్ వాడతారు. ఆ ద్రావణంలో ఒక్క మైక్రోక్యూరీ (రేడియోధార్మికత కొలమానం) 68 లక్షల లీటర్ల సముద్రపు నీటిలో సహజంగా ఉండే కార్బన్-14కి సమానం. గతంలో ఏ యాత్రలోనో ఓ చుక్క చిందిన బల్ల మీద సీసా పెడితే, ఆ నీరు భవిష్యత్తు నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఓడ ఎక్కకముందు బల్లలు, సింకులు, తలుపు పిడులు తుడిచి ఆ తుడుపుల్ని కొలిపించుకోవాలి. ఓడ యాజమాన్యం "శుభ్రంగానే ఉంది" అంటే సరిపోదు. ఇక గ్రాఫైట్ దాకా వచ్చాక మిగిలేది ఓపిక: 2 పర్‌మిల్ నికరం కావాలంటే రెండున్నర లక్షల కార్బన్-14 పరమాణువులు లెక్కకు రావాలి. అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాలలోనూ, ఢిల్లీ ఇంటర్ యూనివర్సిటీ ఆక్సిలరేటర్ సెంటర్‌లోనూ ఇప్పుడు ఆ యంత్రాలున్నాయి. నీరు మన దగ్గరే పట్టి మన దగ్గరే కొలవొచ్చు.

లేజర్ యంత్రాలు వచ్చాయి కదా, ఓడ మీదే కొలిచేస్తే సీసా గొడవే ఉండదు కదా అని అడగొచ్చు. నిజమే, నిల్వ సమస్య పోతుంది. శ్వాస, గ్రీజు, లారీ, అన్నీ పోతాయి. నేను ఆ పద్ధతికి వ్యతిరేకిని కాను. పైనీటిని దారి పొడవునా కొలవడానికి అదే దారి. కానీ లేజర్‌కి కూడా ఆమ్లం పోయాలి, వాయువు ఊదాలి, నీటి ఆవిరి తీసేయాలి, శిఖరం ఎత్తు తేడా సరిచేయాలి, పక్కన ప్రామాణిక నీరు పెట్టాలి. ఊగే ఓడలో, ఉష్ణోగ్రత మారే గదిలో. పై జాబితాలో సగం అలాగే ఉంది, ప్రామాణికం సమస్య మొత్తం అలాగే ఉంది.

మెర్క్యూరిక్ క్లోరైడ్ మానేయమనే వాదన కూడా న్యాయమైనదే. అర లీటరులో వేసిన 100 మైక్రోలీటర్ల వల్ల నీటిలో పాదరసం లీటరుకు పది మిల్లీగ్రాముల పైన ఉంటుంది. మన దేశంలో వదలదగిన హద్దు 0.01. వెయ్యి రెట్లు. ఇప్పటికి నేను పాదరసాన్ని వదలను, కానీ డెల్టా-13 ఒక్కటే కావాల్సిన చోట అర లీటరు సీసా ఎందుకు? 60 మి.లీ. చాలు, విషం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అయితే సీసా చిన్నదయ్యేకొద్దీ మూత చేసే తప్పు పెద్దదవుతుంది, కాబట్టి జంట సీసాలు తప్పనిసరి.

మరి డబ్బెక్కడ పెట్టాలి? కొత్త మాస్ స్పెక్ట్రోమీటర్‌కి అయ్యే ఖర్చులో చిన్న భాగంతో బంగాళాఖాతపు లోతు నీటినే ప్రామాణికంగా మార్చుకోవచ్చు. రెండు వేల మీటర్ల దిగువన ఉన్న నీటికి శిలాజ కార్బన్ ఇంకా పెద్దగా చేరలేదు. ఓడల కొలతల్ని ఒకదానితో ఒకటి సరిచూసేది కూడా ఆ నీటితోనే: 1995లోనూ 2016లోనూ అక్కడ ఒకే విలువ రావాలి, రాకపోతే తప్పు ల్యాబుది. ఇరవై నాలుగు పది లీటర్ల నిస్కిన్లు ఒకే లోతులో మూస్తే 240 లీటర్లు. దాన్ని 0.2 మైక్రాన్ వడపోతతో ఒకే పాత్రలోకి తెచ్చి, పాదరసం వేసి, రెండు రోజులు తిప్పుతూ కలిపి, నాలుగు వందల సీసాల్లో నింపాలి. కలిపేటప్పుడు కొంత కార్బన్ డయాక్సైడ్ గాలికి పోయినా నష్టం లేదు. అసలు సముద్రపు విలువ అక్కర్లేదు, సీసాలన్నిటిలో ఒకే విలువ ఉంటే చాలు. గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ, దాని విశాఖ కేంద్రం, అహ్మదాబాద్, ఇంకో రెండు విదేశీ ల్యాబులు ఒక్కొక్కటి ఇరవై సీసాలు కొలిస్తే ఆ నీటికి ఓ నమ్మకమైన సంఖ్య వస్తుంది. ఆ తర్వాత ప్రతి యాత్రలో, ప్రతి వరస వయల్స్‌లో అందులోంచి ఒకటి ఉండాలి, దాని ఫలితం డేటాతో పాటే బయటపెట్టాలి.

నింపిన వరసలో ప్రతి పదో సీసానీ పక్కన పెట్టి ముందుగా వాటినే కొలవాలి. మొదటి సీసాకీ చివరి సీసాకీ మధ్య 0.03 పర్‌మిల్ కంటే ఎక్కువ వాలు కనిపిస్తే, నింపే గంటల్లో పాత్రలోకి గాలి పోయిందని అర్థం. అప్పుడు ఆ బ్యాచ్ మొత్తాన్ని పారబోయాలి (పాదరసం ఉంది కాబట్టి పారబోయకుండా, గుర్తు వేసిన డ్రమ్ములో పట్టి పెట్టాలి), మళ్లీ ఓడ ఎక్కాలి.